రెండు కప్పుల మైదా

ప్రెస్సులో ఆవిణ్ణి అందరూ కామాగారు అంటారు. మొహమ్మీద అనరు గానీ ఆవిడకి తెలుసు. ముప్ఫై ఏళ్ళుగా పరాయివాళ్ళ వాక్యాల్లో కామాలు దిద్దీ దిద్దీ, మాట్లాడేటప్పుడు కూడా ఎక్కడ ఆగాలో అక్కడ ఆగి, ఎదుటివాళ్ళకి అర్థమైందో లేదో ఓసారి చూసి, అప్పుడు మిగతాది చెప్పే అలవాటు పడిపోయింది. ప్రూఫు చదివేటప్పుడు స్టీలు స్కేలు వరస కింద ఆనించి, పెదాలు కదుపుతూ, తనకొక్కర్తికే వినబడేంత గొంతుతో పైకి చదువుతుంది. కన్ను తొందరపాటు మనిషి, చెవికి కూడా కాస్త పని చెప్పాలి అని ఆవిడ సిద్ధాంతం.

సోమవారం పొద్దున్న ప్రెస్సు యజమాని ఒక కట్ట తెచ్చి ఆవిడ బల్ల మీద పెట్టాడు. ఇటలీ వంటలు ఇంట్లోనే ఎలా చేసుకోవాలో చెప్పే పుస్తకం, రెండో ముద్రణ.

"మొదటిసారి వేరే ప్రెస్సులో వేశారండీ. ఈసారి ఆ రచయిత్రిగారు పనిగట్టుకుని మనకే ఇచ్చారు. న్యోకీ అని ఏదో బంగాళాదుంప ఉండలట, అవి కుదరడం లేదని చదివినవాళ్ళు బోలెడు ఉత్తరాలు రాశారట. అంకె ఏదన్నా తప్పు పడిందేమో కాస్త చూడండి. శుక్రవారానికి పేజీలు ఖాయం చెయ్యాలి."

వంటల పుస్తకాలంటే కామాగారికి చిన్నచూపు. చరిత్ర, వ్యాకరణం, న్యాయశాస్త్రం చదివిన నోటితో చెంచాడు ఉప్పు, చిటికెడు మిరియాలు అని చదవాలా అని మూతి ముడిచింది. కానీ రచయిత్రి పేరు చూశాక మూతి మామూలుగా అయింది. కామాగారి మరదలు, అంటే తమ్ముడి భార్య, పదకొండేళ్ళపాటు టైపు పనికి వెళ్ళింది ఈ మేడమ్ ఇంటికే. మరదలు పోయి తొమ్మిది నెలలు. మూడు రోజుల జ్వరం, అంతే.

పన్నెండో పేజీ. టమాటా సాస్. స్కేలు మూడో వరస కిందకి జరిగింది. కామాగారి పెదాలు కదిలాయి.

'ఉల్లిపాయ సిగ్గుపడేదాకా చాలు. ఏడ్చేదాకా వేయించకండి.'

స్కేలు అక్కడే ఆగిపోయింది. చదివింది తనే, గొంతూ తనదే. కానీ ఆ మాట విరుపు తనది కాదు. పొయ్యి ముందు నిలబడి, కొంగు బొడ్లో దోపుకుని, గరిటె అంచుతో బాణలిని తట్టి మరదలు అనేమాట అది. ఒంటి మీద రోమాలు లేచాయి. చుట్టూ చూసింది. మిషన్లు నడుస్తున్నాయి, పేజీలు కట్టే ఆయన టీ తాగుతున్నాడు. ఎవరూ తన వైపు చూడటం లేదు.

మళ్ళీ చదివింది. మళ్ళీ అదే గొంతు. ఇంకో నాలుగు పేజీలు పోయాక: 'మూత తీసితీసి చూడకండి. అదెక్కడికీ పారిపోదు.' ఇది తమ్ముడితో అనేది. సెలవు రోజున వంటింట్లో చేరి మూతలెత్తి చూసే అలవాటు వాడికి.

కళ్ళజోడు తీసి తుడుచుకుంది కామాగారు. టైపు చేసినావిడ కాబట్టి ఒకటో రెండో మాటలు కలిశాయిలే అని సరిపెట్టుకోవాలని చూసింది. కానీ రాతకీ టైపుకీ మధ్య ఎన్ని తప్పులు దొర్లుతాయో ఆవిడకి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. అక్షరాలు జారతాయి, వరసలు ఎగిరిపోతాయి. మనిషి మాటతీరు మాత్రం పొరపాటున వచ్చి పడదు. ఇది మొత్తం మరదలి రాతే. మొదటి పేజీకి తిప్పి చూసింది. పుస్తకం పేరు కింద మేడమ్ పేరు ఒక్కటే. కృతజ్ఞతల్లో చివర ఒక్క వరస: 'నా వంటింట్లో చేదోడుగా ఉన్నవారికి.'

"వారికట, వారికి!" అని పైకే అంది కామాగారు.

"పిలిచారా?" అన్నాడు పేజీలు కట్టే ఆయన. చుట్టూ ఖాళీ ఎక్కువ వదులుతాడని ఆయన్ని మార్జిన్ గారంటారు.

"మిమ్మల్ని కాదు," అంది.

ఆ సాయంత్రం ప్రూఫు కాగితాలు సంచిలో పెట్టుకుని, దారిలో టమాటాలు, వెల్లుల్లి, ఒక స్పగెట్టి పొట్లం, తులసిలాంటి బేసిల్ ఆకుల కట్ట కొనుక్కుని ఇంటికి వెళ్ళింది. ప్రూఫు సరిగ్గా చూడాలంటే చేసి చూడాలి కదా అని తనకి తనే చెప్పుకుంది. అసలు సంగతి వేరు. ఆ గొంతు ఇంకోసారి వినాలని ఉంది.

కాగితాన్ని పంచదార డబ్బాకి ఆనించి నిలబెట్టింది. వంటింట్లో కూడా స్కేలు విడిచిపెట్టలేదు. టమాటాల మీద వేడినీళ్ళు పోసి తొక్క ఒలిచింది. ఉల్లిపాయ వేసి, సిగ్గుపడటమంటే ఎంతవరకో తెలియక, మొహం దగ్గరగా పెట్టి చూస్తూ నిలబడింది. ముక్కలు పారదర్శకంగా అయ్యాయి, అంచులు మెత్తబడ్డాయి. 'చాలు వదినగారూ' అన్నట్టనిపించి చటుక్కున మంట తగ్గించింది. వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే ఎవరూ ఉండరని తెలుసు.

తమ్ముడు కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీస్తాడు. గోళ్ళ సందుల్లో తెల్లటి పొడి ఎప్పుడూ ఉంటుంది. తలుపు తీసి, ఒక చెప్పు విప్పి, సాస్ వాసన తగిలి, రెండోది విప్పకుండానే ఆగిపోయాడు.

"ఎవరొచ్చారక్కా?"

"ఎవరొస్తారు? నేనే. వంట చేస్తున్నాను."

వాడు రెండో చెప్పు విప్పడానికి చాలాసేపు పట్టింది. స్పగెట్టి రెండుసార్లు వడ్డించుకున్నాడు. ఆఖర్న రొట్టెముక్కతో పళ్ళెం తుడుచుకుని తిని, ఖాళీ కుర్చీ వైపు చూసి, లేచి చెయ్యి కడుక్కున్నాడు.

మంగళవారం న్యోకీ. అర కిలో బంగాళాదుంపలు తొక్కతోనే ఉడకబెట్టాలి, వేడి మీదే ఒలిచి చిదపాలి, ఒక గుడ్డు, రెండు కప్పుల మైదా. కలిపి, చేత్తో తాళ్ళలా పేనుకుని, బొటనవేలంత ముక్కలు కోసి, ఫోర్కు వెనక నొక్కి గీతలు పెట్టాలి. మరుగుతున్న నీళ్ళలో వేస్తే పైకి తేలాలి. 'తేలగానే తీసెయ్యండి. ఈత నేర్పక్కర్లేదు' అని ఉంది. కామాగారు ప్రెస్సు నుంచి తొందరగా వచ్చి, చీర చెంగు దోపుకుని అన్నీ అలాగే చేసింది. పిండి గట్టిగా, మొండిగా తయారైంది. ముక్కలు తేలడానికి బతిమాలించుకున్నాయి. తమ్ముడు ఒకటి నోట్లో వేసుకుని దవడ అటూ ఇటూ కదిపాడు.

"వీటిని మా షాపులో మిషను మీద పెడితే రెండు గంటల్లో అరగదీస్తాను," అన్నాడు.

తొమ్మిది నెలల్లో వాడు వేసిన మొదటి జోకు అది. ఇద్దరూ నవ్వారు. నవ్వు అయిపోయాక ఎవరు ముందు లేవాలో తెలియక ఇద్దరూ అలాగే కూర్చున్నారు.

బుధవారం మధ్యాహ్నం ఒంట్లో బాగాలేదని చెప్పి ప్రెస్సు నుంచి వచ్చేసింది. ముప్ఫై ఏళ్ళలో అలాంటి అబద్ధం ఆడటం అదే మొదటిసారి. దుంపల రకం మార్చి చూసింది. గుడ్డు మానేసి చూసింది. రెండుసార్లూ రాళ్ళే. మోచేతుల దాకా మైదాతో, నుదుటి మీద జుట్టు అంటుకుపోయి, వంటగట్టు పట్టుకుని నిలబడింది.

"నువ్వు తప్పు రాయవు కదా," అంది గోడతో. "మరేమిటిది?"

'పిండి ఎక్కువైంది వదినగారూ.'

విన్నానని ఒట్టేసి చెప్పలేదు. వినలేదనీ చెప్పలేదు. చేతులు కడుక్కోకుండానే మరదలి గదిలోకి వెళ్ళింది. తొమ్మిది నెలలుగా ఆ బీరువా ఎవరూ తెరవలేదు. కింది అరలో, రోజూ పనికి తీసుకెళ్ళే చేతిసంచి. అందులో దువ్వెన, గొడుగు, ఒక చేతిరుమాలు. రుమాల్లో చుట్టి ఒక పింగాణీ కప్పు. పిడి ఎప్పుడో విరిగిపోయింది. ఈ కప్పు సంగతి కామాగారికి బాగా తెలుసు. పరాయి ఇంట్లో కప్పుల్లో టీ తాగడం ఇష్టంలేక మరదలు తన కప్పు తను పట్టుకెళుతుందని అనుకునేది. పద్ధతి గల పిల్ల అని ప్రెస్సులో పదిమందికీ చెప్పుకుంది కూడా.

కప్పుని వెలుతురులోకి తీసుకొచ్చి చూసింది. లోపల టీ మరక పిసరంత లేదు. పిడి విరిగినచోట గరుకు బొడిపెలో తెల్లగా ఏదో గట్టిపడిపోయింది. గోటితో గీకి నాలిక మీద వేసుకుంది. మైదా.

వంటింట్లోకి పరుగెత్తింది. మామూలు కప్పులో పిండి పోసి, దాన్ని ఈ కప్పులోకి వంచింది. రెండుసార్లు నిండింది. అంటే పుస్తకంలో రెండు కప్పులంటే జనం కప్పు ఒక్కటే. కొలత రాసిన మనిషికి కప్పంటే ఇదే కప్పు. లోకంలో ఇంకో సైజు కప్పు ఉంటుందని తోచలేదు. ఉడకబెట్టిన ఆఖరి దుంపలతో ఇంకోసారి కలిపింది. పిండి ఈసారి చెప్పినమాట విన్నది. ముక్కలు నీళ్ళలో పడటం ఆలస్యం, ఒకదాని వెనక ఒకటి తేలాయి. వెన్న వేసి ఒకటి నోట్లో పెట్టుకుంటే నమిలే పని లేకుండా కరిగిపోయింది. కామాగారు నిలబడే ఎనిమిదో పదో తినేసింది. కళ్ళు తుడుచుకుంటూ తిన్నది.

తర్వాత కోపం వచ్చింది. అంటే మరదలు టైపు చెయ్యడమే కాదు, వండింది కూడా. టైపిస్టని పిలిచి గరిటె చేతికిచ్చారన్నమాట! చదువుకున్న పిల్లని పొయ్యి ముందు నిలబెట్టి ఊడిగం చేయించుకుని, దాని కొలతలు, దాని మాటలు, దాని జోకులు అన్నీ తీసుకుని, అట్ట మీద తన పేరు వేసుకుందా మహాతల్లి? శుక్రవారం పేజీలు ఖాయమైపోతే ఇక ఆ పిల్ల మాటలన్నీ ఇంకొకరి మాటలుగానే మిగిలిపోతాయి. మరదలి పేరు అట్ట మీద పడాల్సిందే. 'రచనా సహకారం' అని వెయ్యమనాలి. వంట సంగతి ఎత్తక్కర్లేదు.

గురువారం పదింటికల్లా ఆ ఇంటి మెట్లెక్కింది. దారి పొడుగునా అనాల్సిన మాటలు కామాలతో సహా సిద్ధం చేసుకుంది. తలుపు తీసినావిడకి డెబ్భై దాటి ఉంటాయి. రెండు చేతులూ ఆగకుండా వణుకుతున్నాయి.

"మీరు వదినగారు కదూ?" అంది ఆవిడ.

కామాగారిని అలా పిలిచేది మరదలొక్కతే.

"ఏమనుకోకండి. ఆ అమ్మాయి రోజూ వదినగారు ఇలాగన్నారు, వదినగారికి అది ఇష్టం అని చెబుతుంటే నాకూ అదే నోటికొచ్చేసింది. రండి."

వంటిల్లు పెద్దది, శుభ్రంగా ఉంది. చాన్నాళ్ళుగా అక్కడ ఏదీ వండినట్టు లేదు. గట్టు పక్కన ఎత్తు పీట, కిటికీ దగ్గర చిన్న బల్ల మీద గుడ్డ కప్పిన టైపు మిషను.

"మా మరదలు మీ దగ్గరికి టైపు చెయ్యడానికి వచ్చింది," అంది కామాగారు, కూర్చోకుండానే. "వంట చెయ్యడానికి కాదు."

"అవును. మొదటి నెల టైపే చేసింది. ఒకరోజు నా చేతిలోంచి వేడిగిన్నె జారిపోయింది. తను లేచి వచ్చి గరిటె అందుకుంది. ఆ తర్వాత తనని మళ్ళీ మిషను ముందు కూర్చోబెట్టడానికి నేనే బతిమాలుకోవాల్సి వచ్చేది." ఆవిడ నవ్వింది. "చిన్నప్పుడు ఇటలీలో పెరిగాను. రుచి నా నోట్లో ఉంది, చేద్దామంటే చేతులు నావి కావు. నేను చెప్పేదాన్ని, తను చేసేది. ఇద్దరం తినేవాళ్ళం. ఇంకొంచెం ఉప్పు అనేదాన్ని, మీ నోటికేం తెలుసు అనేది. మధ్యాహ్నం కూర్చుని తన మాటల్లో తనే రాసేది. నేనొక్క ముక్క మార్చలేదు."

"మరి పేరెందుకు వెయ్యలేదు?"

ఆవిడ లోపలికి వెళ్ళి ఒక పాత ఫైలు తెచ్చి ముందు పెట్టింది. చేతులు వణుకుతుంటే ముడి విప్పలేకపోయింది. కామాగారే విప్పింది. మొదటి ముద్రణ తాలూకు ప్రూఫు. పై పేజీలో పుస్తకం పేరు కింద రెండు పేర్లున్నాయి. మొదటిది మేడమ్‌ది. రెండోది మరదలిది. రెండో పేరు మీద పెన్సిలు గీత అడ్డంగా పోయి, చివర సున్నా చుట్టి, కిందకి చిన్న తోక దిగింది. అంచున 'వద్దు' అని రాసి ఉంది.

ఆ తోక కామాగారిది. అక్షరం తీసెయ్యమని చెప్పే గుర్తుకి అలా తోక దింపడం ఆవిడ సొంత అలవాటు. మరదలు కొత్తగా కాపురానికి వచ్చిన రోజుల్లో పక్కన కూర్చోబెట్టుకుని ఈ గుర్తులన్నీ ముచ్చటగా నేర్పింది.

"మూడుసార్లు అడిగానండీ," అంది మేడమ్. "రెండుసార్లు నవ్వి ఊరుకుంది. మూడోసారి చెప్పింది. 'మా వదినగారు ప్రూఫులు చూస్తారు మేడమ్. పుస్తకం ఎక్కడ అచ్చయినా ఎప్పుడో ఒకప్పుడు ఆవిడ కంట్లో పడకుండా పోదు. వంటల పుస్తకం మీద నా పేరు చూస్తే నేనిక్కడ ఏం చేస్తున్నానో ఆవిడకి క్షణంలో తెలిసిపోతుంది. మా ఇంట్లో అది కుదరదు' అంది. మీ ప్రెస్సుకి మాత్రం ఇవ్వొద్దని ఒట్టు వేయించుకుంది. ఇప్పుడు ఆ ఒట్టు తప్పాను. మీరు చదువుతారనే ఇచ్చాను."

కామాగారు పీట మీద కూర్చుంది. అది మరదలు కూర్చునే పీటేనని కూర్చున్నాక తట్టింది.

ఒక్క మాట గుర్తొచ్చింది. కింది వాటాలో ఉండే ఆవిడ ఎవరింట్లోనో వంటకి కుదిరిందని తెలిసిన రోజు. అందరూ భోజనాల దగ్గర ఉన్నారు. కామాగారు ఎక్కడా ఆగకుండా, ఒక్క కామా లేకుండా అనేసింది: "ఆకలితో చచ్చినా సరే మన ఇంటి ఆడది ఇంకొకరి పొయ్యి దగ్గర నిలబడదు." మరదలు అప్పుడు మంచినీళ్ళు పోస్తోంది. గ్లాసు నిండాక జగ్గు కింద పెట్టి, "అవును వదినగారూ," అంది. ఎంత ఒద్దికైన పిల్ల అని ఆ రోజు మురిసిపోయింది కామాగారు.

"నాకు అధికారం లేదు," అంది మేడమ్. "తను కొట్టేసింది. తనని అడిగి మార్చడానికి తను లేదు. మీరే చెప్పాలి."

కామాగారు ఆ పాత పేజీని జాగ్రత్తగా తీసి సంచిలో పెట్టుకుంది. వెళ్ళొస్తానని కూడా చెప్పకుండా మెట్లు దిగింది.

సాయంత్రం తమ్ముడు వచ్చేసరికి పొయ్యి వెలిగించలేదు. వంటగట్టు మీద ఆ పేజీ, పక్కన కప్పు. వాడు రెండూ చూశాడు. ఆశ్చర్యపడలేదు.

"నీకు తెలుసా?" అంది.

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"మొదటి ఏడు నుంచే. టైపు కొట్టిన చేతులకి వెల్లుల్లి వాసన రాదు కదక్కా."

"నాకెప్పుడూ రాలేదే ఆ వాసన!"

తమ్ముడు గోళ్ళలో పొడి తీసుకున్నాడు. "బస్సు దిగాక నిమ్మచెక్కతో చేతులు రుద్దుకుని వచ్చేది. నీకు రాకూడదనే. నా ముందు అంత జాగ్రత్త పడేది కాదు."

"ఒక్కమాట చెబితే నేనేమన్నా తినేస్తానురా?"

"మాన్పించేదానివి," అన్నాడు. ఆ గొంతులో నిష్ఠూరం లేదు. ఇన్నేళ్ళుగా తెలిసిన సంగతి చెప్పినట్టు చెప్పాడు. "దానికి ఆ పనంటే ప్రాణం. మాన్పించడం నాకిష్టం లేదు."

కామాగారు చీకటి పడకముందే దీపం వేసి ఆ వంటింట్లోనే నిలబడింది. నాలుగు రోజులుగా తన వెనక తిరిగిన గొంతు కోసం చెవులప్పగించింది. ఇదే వంటింట్లో పదకొండేళ్ళు, పక్కపక్కనే, భుజాలు రాసుకుంటూ ఇద్దరూ పనిచేశారు. ఆ పిల్ల తన చేతిలో ఉన్న విద్యనంతా దాచుకుని, రోజూ అవే పులుసు, అవే వేపుళ్ళు వదినగారు చెప్పినట్టు చేసి పెట్టింది. వదినగారూ అన్న పిలుపంతా గౌరవమేనని కామాగారు నమ్మింది. అందులో సగం భయం. ఎన్ని లక్షల అక్షరాల్లో తప్పు పట్టిందో లెక్కే లేదు గానీ, పక్కన నిలబడ్డ మనిషి భయం మాత్రం చదవలేకపోయింది. ఎంతసేపు నిలబడినా ఎవరూ పిలవలేదు. పిలిచినంతకాలం భయమేసింది, పిలవకపోతే ఇంకా భయమేసింది.

శుక్రవారం పొద్దున్న బల్ల దగ్గర కూర్చుని, పుస్తకంలో కప్పులన్నీ ఒక్కొక్కటే దిద్దింది. రెండు ఒకటయింది, ఒకటి అర అయింది. ఉల్లిపాయ సిగ్గుని, మూత సంగతిని, ఈత మాటని ముట్టుకోలేదు. ఒక్క కామా కూడా కలపలేదు.

తర్వాత పాత పేజీ తీసింది. కొట్టేసిన మాటని మళ్ళీ నిలబెట్టాలంటే ఆ పనిలో ఒక పద్ధతుంది. ఆ మాట కింద వరసగా చుక్కలు పెట్టి, అంచున 'ఉంచండి' అని రాస్తారు. కామాగారు ఎర్రకలం మూత తీసింది. మరదలు తన చేత్తో కొట్టేసుకున్న పేరది. ఆ చెయ్యి కొట్టేసేలా చేసింది తను. మొదటి చుక్క పెట్టడానికి ముందు కలం మూడుసార్లు కాగితం దాకా వెళ్ళి వెనక్కొచ్చింది. నాలుగోసారి పెట్టింది. ఒక్కో అక్షరం కింద ఒక్కో చుక్క.

కాగితాలు పట్టుకెళ్ళి మార్జిన్ గారి ముందు పెట్టింది. ఆయన పై పేజీ చూసి కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకున్నాడు.

"ఈ రెండో ఆవిడెవరండీ?"

"మా మరదలు."

"టైపు చేసేవారన్నారు కదా మీరు?"

కామాగారు ఆగింది. యజమాని గది తలుపు తెరిచే ఉంది. బైండింగు దగ్గర ఇద్దరు ఆడవాళ్ళు అచ్చయిన ఫారాలు మడుస్తున్నారు. ముప్ఫై ఏళ్ళుగా వీళ్ళందరి దగ్గరా మా ఇల్లు, మా పద్ధతులు అని ఆవిడ చెప్పిన గొప్పలకి అంతు లేదు.

"టైపూ చేసేది," అంది, అందరికీ వినబడేలా. "వంట మనిషి. ఈ మేడమ్ ఇంట్లో పదకొండేళ్ళు వండింది."

ఫారాలు మడిచే చేతులు ఆగాయి. ఒకావిడ తలెత్తి చూసింది. మార్జిన్ గారు పేజీ వైపే చూస్తూ, "మేడమ్‌ది ఇంటిపేరుతో ఉంది. ఈవిడది ఉత్త పేరే ఉందండీ," అన్నాడు. "అలాగే వదిలెయ్యమంటారా? ఇంటిపేరు కూడా వెయ్యమంటారా?"

"వెయ్యండి."

"ఏమని?"

"మా ఇంటిపేరే," అంది కామాగారు.

ఆయన కంప్యూటరు తెర వైపు తిరిగి కొట్టడం మొదలుపెట్టాడు. ఆఖరి అక్షరం పడేదాకా ఆవిడ అక్కడే నిలబడి, పెదాలు కదుపుతూ, పైకి చదివింది.